వీపున మోసే చలివేంద్రం

మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఇంటి గడప దాటిందంటే తన వీపున ఒక నీలిరంగు సంచి ఉండి తీరుతుంది. అది పుస్తకాల సంచి కాదు. దాని లోపల లీటరున్నర నీళ్లు పట్టే మెత్తని తిత్తి ఉంటుంది. ఆ తిత్తి నుండి సన్నని గొట్టమొకటి భుజం మీదుగా ముందుకు వచ్చి, ఛాతీ దగ్గర క్లిప్పుకు ఆగి ఉంటుంది. దాహం వేసినప్పుడు గొట్టం చివరి మూతిని పళ్లతో మెల్లగా నొక్కి పీలిస్తే నీళ్లు వస్తాయి; వదిలితే ఆగిపోతాయి. దుకాణాల్లో దీనిని హైడ్రేషన్ ప్యాక్ అంటారు. కొండలెక్కేవారికీ, ఎడారి బాటల్లో సైకిలు తొక్కేవారికీ ఉద్దేశించిన వస్తువు. మా అమ్మాయి మాత్రం దీనిని గ్రంథాలయానికీ, సంగీతం తరగతికీ, కిరాణా కొట్టుకూ, చివరకు గుడికీ తగిలించుకొని వస్తుంది.

దీనిని చూసి మేము కొంతకాలం సిగ్గుపడ్డామని ముందుగానే ఒప్పుకుంటున్నాము. 2023 ఉగాది నాడు పట్టు పరికిణీ మీద ఈ సంచి వేసుకొని గుడికి బయలుదేరితే, వద్దని చెప్పి చూశాము, వినలేదు. గుడి ముంగిట ఒక పెద్దాయన నవ్వుతూ, "ఏమ్మా, దర్శనం కాగానే హిమాలయాలకా ప్రయాణం?" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు, మేమూ నవ్వాము. అమ్మాయి నవ్వలేదు. తిరుగుదారిలో కారులో, "ఇది ఫీనిక్స్ కదా!" అని మాత్రం అన్నది. ఆ తరువాత గుడికి వచ్చిన ప్రతిసారీ ఆ సంచిని కారు వెనుక అరలో పెట్టించడం అలవాటు చేసుకున్నాము. అంత పనికిరాని సిగ్గు మరొకటి లేదని ఆ ఏడాది జూలైలో తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మేము ఫీనిక్స్ నగరానికి ఆనుకొని ఉన్న చాండ్లర్‌లో 2011 నుండి నివసిస్తున్నాము. ఇక్కడి ఎండ గురించి ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అయినా దూరాన ఉన్న బంధువులు ఈ పుట చదవవచ్చు గనుక రెండు మాటలు. ఈ నగరంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 122 డిగ్రీల ఫారెన్‌హీట్. సెల్సియస్ లెక్కలో 50. అది 1990 జూన్ 26 నాటి మాట. 2023లో జూన్ 30 మొదలు జూలై 30 వరకు, వరుసగా 31 రోజుల పాటు, పగటి వేడి 110 డిగ్రీలకు, అంటే సెల్సియస్‌లో 43కు తగ్గలేదు. రాత్రి కూడా 90కి దిగని రోజులు ఎన్నో వచ్చాయి. ఆ సంవత్సరం మా మారికోపా కౌంటీలో వేడి కారణంగా 645 మంది మరణించినట్లు అధికారులు లెక్క తేల్చారు. అన్ని సౌకర్యాలూ ఉన్న నగరంలో, కుళాయి తిప్పితే నీళ్లు వచ్చే నగరంలో జరిగిన మాట ఇది.

ఆ వేసవిలోనే పిల్లల నాయనమ్మ ఆరు నెలలు ఉండడానికి మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆవిడకు డెబ్బై మూడేళ్లు. పుట్టిందీ పెరిగిందీ పల్నాడులో, రెంటచింతలకు దగ్గరి పల్లెలో. తెలుగునాట ఎండలనగానే మొదట వినవచ్చే ఊరిపేరు రెంటచింతల. అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. అందుచేత ఫీనిక్స్ ఎండ గురించి మేము ఏ జాగ్రత్త చెప్పబోయినా ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, "రెంటచింతల ఎండలో వరికుప్ప కాపలా కాసినదాన్ని. ఇది నాకొక లెక్కా?" అనేవారు. ఆ మాటలో గర్వమూ ఉన్నది, సత్యమూ ఉన్నది. మేము మారు మాట్లాడేవారము కాము.

ఆవిడ నీళ్లు తక్కువ తాగుతారు. భోజనం చివర ఒక గ్లాసు, సాయంత్రం మాత్ర వేసుకునేటప్పుడు సగం గ్లాసు. బయటికి వెళ్లేటప్పుడు అసలు తాగరు. ప్రయాణంలో మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందోనన్న భయం మన ఆడవారిలో ఎందరికో ఉన్నదే. ఆవిడకు అది అరవై ఏళ్ల అలవాటు. పైగా ఎంగిలి పట్టింపు. ఎంగిలి అంటే ఒకరి నోరు తాకిన వస్తువు. దానిని మరొకరు నోట పెట్టరాదని మన పెద్దల నియమం. చెంబునైనా గ్లాసునైనా పెదవికి తగలనీయకుండా, తల వెనక్కి వాల్చి, పైనుండి ధారగా పోసుకొని తాగడం మన ఇళ్లలో పిల్లలకు చిన్ననాడే నేర్పేవారు. అలాంటి నాయనమ్మ మనవరాలి వీపున ఉన్న గొట్టాన్ని చూసి మొదటి రోజే ముఖం ముడుచుకున్నారు. "రోజంతా అదే మూతి నోట్లో పెట్టుకుంటావా? ఎంగిలి కాదుటే?" అని అడిగారు. "నేను ఒక్కదాన్నే తాగుతాను నాయనమ్మా" అని అమ్మాయి సమాధానం. ఇద్దరి వాదనలోనూ న్యాయమున్నదని మేము ఊరుకున్నాము.

జూలై రెండవ వారంలో ఒక ఉదయం నాయనమ్మా మనవరాలూ గ్రంథాలయానికి వెళ్లారు. మా ఇంటికి అది అర మైలు దూరం. తొమ్మిది గంటలకు కారులో దింపి, పదకొండింటికి వచ్చి తీసుకువస్తామని చెప్పాము. పదకొండయ్యేసరికి మేమిద్దరమూ ఆఫీసు ఫోను మీటింగుల్లో చిక్కుకొని ఉన్నాము. పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అని సందేశాలు పంపాము. నాయనమ్మకు ఒకరి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం గిట్టదు. "అర మైలే కదా, నడుద్దాం పద" అని లేచారు. తప్పు ఆవిడది కాదు, పిల్లదీ కాదు, మాది.

సగం దూరం నడిచేసరికి ఆవిడ మాట్లాడడం మానేశారట. తరువాత, "కళ్లు తిరుగుతున్నాయి తల్లీ" అన్నారట. దగ్గరలోనే బస్ స్టాపు ఉన్నది. దాని పైకప్పు నీడలో బల్ల మీద అమ్మాయి ఆవిడను కూర్చోబెట్టి, మాకు ఫోను చేసి, గొట్టం మూతిని ఆవిడ నోటి దగ్గరకు తెచ్చింది. నాయనమ్మ తల పక్కకు తిప్పుకున్నారు. ఆ స్థితిలో కూడా, "వద్దమ్మా, ఎంగిలి" అన్నారు. మేము ఫోనులో ఆ మాట విన్నాము. కారు తాళాలు వెతుక్కుంటూ, "తాగమ్మా, తాగు" అని అరిచాము. దాని వలన ప్రయోజనం లేకపోయింది.

తరువాత జరిగినది అమ్మాయి మాకు చెప్పినదే. గొట్టం చివరనున్న మూతిని పట్టి లాగితే ఊడివస్తుంది. కడగడానికి వీలుగా దానిని అలా చేస్తారు. అమ్మాయి ఆ మూతిని లాగేసి, సంచిని వీపు నుండి తీసి తలకంటే ఎత్తుగా పట్టుకుంది. ఎత్తు నుండి నీళ్లు దానంతట అవే గొట్టంలోకి దిగి ధార కట్టాయి. "నాయనమ్మా, రెండు చేతులూ పట్టు. తీర్థం పట్టినట్టు పట్టు" అన్నది. నాయనమ్మ దోసిలి పట్టారు. దోసిలి అంటే రెండు అరచేతులూ చేర్చి చేసిన గిన్నె. ఆ దోసిట్లోకి నీళ్లు పోస్తూ ఉంటే, ఆవిడ తలవంచి, గుక్క గుక్కగా తాగారు. అమ్మాయి చీర కొంగు చివరను తడిపి ఆవిడ మెడ మీద వేసింది. మేము వెళ్లేసరికి ఆవిడ బల్ల మీద వెనక్కి ఒరిగి, కళ్లు తెరిచే ఉన్నారు. కొంగు తడిగా ఉన్నది. సంచి ఖాళీగా ఉన్నది. అమ్మాయి చేతులు మాత్రం వణుకుతున్నాయి.

అత్యవసర చికిత్సా కేంద్రంలో సెలైన్ ఎక్కించి, రెండు గంటల తరువాత ఇంటికి పంపారు. ఆ వైద్యురాలు మాకు ఓపికగా కొన్ని విషయాలు చెప్పారు. వయసు పెరిగేకొద్దీ దాహం మొద్దుబారుతుంది. శరీరానికి నీళ్లు కావలసి ఉన్నా దాహం వేయదు. నాయనమ్మ వాడే రక్తపోటు మాత్రల్లో ఒకటి ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రం ద్వారా బయటకు పంపేది. మాట తడబడకముందే నీడకు చేర్చి, తడిబట్ట వేసి, మెల్లగా నీళ్లు తాగించడం సరైన పని. మనిషి అయోమయంగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయరాదు. వెంటనే 911కు ఫోను చేసి, ఒంటిని చల్లబరచాలి. ఈ చివరి మాటను మేము మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అంటించాము. చదువరులు కూడా అలా చేయడం మంచిది.

ఆ రాత్రి మేము చాలాసేపు ఒక ప్రశ్న గురించి ఆలోచించాము. రెంటచింతల ఎండలో డెబ్బై ఏళ్లు నిలిచిన మనిషి ఫీనిక్స్‌లో పావు మైలుకే ఎందుకు కుంగిపోయారు? ఎండ పెద్దదా, వయసు పెద్దదా? రెండూ కొంత నిజమే. కానీ తరువాతి వారాల్లో ఆవిడను కూర్చోబెట్టి పాత రోజుల గురించి అడిగినకొద్దీ అసలు కారణం మెల్లగా తెలియవచ్చింది.

ఆవిడ ఊళ్లో నీళ్లు తక్కువ తాగేవారన్నది నిజమే. కానీ నీరు ఆవిడకు వేరే దారుల్లో చేరేది. పొద్దున చద్దన్నంలో మజ్జిగ పోసుకొని, ఉల్లిపాయ నంజుకొని తినేవారు. కొన్నిళ్లలో తరవాణి ఉండేది. అన్నం వార్చిన గంజిని కుండలో పులియబెట్టి, ఆ పుల్లని నీటిని అన్నంతో కలిపి తినడమే తరవాణి. మధ్యాహ్నం పులుసు, చారు, మళ్లీ మజ్జిగ. సాయంత్రం తాటిముంజలో, పుచ్చకాయ ముక్కలో ఉండేవి. వీటన్నిటిలోనూ నీరున్నది, మజ్జిగలో, పులుసులో ఉప్పు కూడా ఉన్నది. పదకొండు దాటితే ఎవరూ బయట తిరిగేవారు కారు. మందపాటి గోడలు, వేపచెట్టు నీడ, రాత్రి ఆరుబయట మంచాలు, మంచం పక్కన నీళ్లకుండ. ఈ ఏర్పాట్లన్నీ చుట్టూ ఉండబట్టి రెండు గ్లాసుల అలవాటు చెల్లిపోయింది.

మా ఇంట్లో ఆవిడ ఉదయం కాఫీతో రెండు టోస్టు ముక్కలు తినేవారు. మజ్జిగ ఉన్నది గాని, ఏసీ చలికి తాగబుద్ధి కావడం లేదనేవారు. ముంజలు లేవు, గంజి లేదు, వేపచెట్టు లేదు. రాత్రి కూడా చల్లబడని ఆకాశం. నీళ్లు తక్కువ తాగే అలవాటు ఒక్కటే ఆవిడతో కలిసి విమానమెక్కింది. దానికి కాపలాగా ఉన్న మిగిలినవన్నీ పల్నాడులోనే ఉండిపోయాయి. పరదేశంలో ఉన్న మనందరి ఇళ్లలోనూ ఇలాంటి ఒంటరి అలవాట్లు ఎన్ని ఉన్నాయో అని అప్పుడు అనిపించింది. వాటిని చెడ్డవని తోసివేయడమూ తప్పే, మంచివని కళ్లు మూసుకొని పట్టుకోవడమూ తప్పే. అవి ఏ తోడుతో బతికాయో తెలుసుకోవాలి.

మరొక సంగతి కూడా ఆవిడ చెప్పారు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలేనాటికి ఆవిడకు పదిహేడేళ్లు. అంతకుముందు వేసవి ముదిరితే ఊరి బావి అడుగంటేది. ఆడపిల్లలు తెల్లవారుజామున లేచి, వాగు ఇసుకలో చెలమ తవ్వేవారు. చెలమ అంటే ఇసుకలో చేతితో తవ్విన చిన్న గుంట. అందులో ఊరిన నీటిని చిప్పతో తోడి, బిందె నింపి, చంకన పెట్టుకొని మైలు దూరం నడిచి వచ్చేవారు. ఆ నీళ్లు మొదట తాతకు, తరువాత నాన్నకు, తమ్ముళ్లకు, పశువులకు. మోసుకొచ్చిన పిల్ల చివరన తాగేది. "మోసినవాళ్లకు నీళ్ల బరువు తెలుస్తుంది. అందుకే మేం ఎక్కువ తాగేవాళ్లం కాదు" అన్నారు. ఆ మాట విన్న తరువాత, ఆవిడను మొండి మనిషి అని మేము మరెన్నడూ అనలేదు.

పక్కనే కూర్చొని వింటున్న అమ్మాయి, "బిందె ఎంత బరువు?" అని అడిగింది. "పది పన్నెండు లీటర్లు పట్టేది" అన్నారు నాయనమ్మ. లీటరు నీళ్లు కిలో బరువు. అమ్మాయి తన సంచి బరువుతో పోల్చి లెక్క వేసుకొని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నీటిని వెంట తీసుకువెళ్లే సాధనం మనకు కొత్తది కాదు. పొలానికి పోయే రైతు ఎండబెట్టిన సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకుపోయేవాడు. దూరం పోయే బాటసారి దగ్గర తోలు తిత్తి ఉండేది. సన్యాసి చేతిలో కమండలం ఉన్నది. రైలు ప్రయాణానికి మన తాతలు మరచెంబు పట్టుకుపోయేవారు. మర అంటే తిప్పి బిగించే చుట్టు. మూతను తిప్పి బిగించే ఇత్తడి చెంబే మరచెంబు. దానికి పైన పట్టుకోవడానికి వంపు తిరిగిన పిడి ఉండేది. నేటి వీపు సంచి కూడా ఇలాంటి అవసరం నుండే పుట్టింది. 1980ల చివర టెక్సాస్ రాష్ట్రంలోని విచిటా ఫాల్స్‌లో, ఆగస్టు ఎండలో జరిగే నూరు మైళ్ల సైకిలు పందెం కోసం, అత్యవసర వైద్య సహాయకుడైన మైకేల్ ఐడ్‌సన్ సెలైన్ సంచి వంటి తిత్తిలో నీళ్లు నింపి, దానిని మేజోడులో దూర్చి, చొక్కా వీపుకు తగిలించుకొని, గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చుకున్నాడు. ఆ ఉపాయమే తరువాత కామెల్‌బాక్ అనే కంపెనీ అయింది. ఒంటె వీపు అని ఆ పేరుకు అర్థం. నిజానికి ఒంటె మూపురంలో ఉండేది కొవ్వు, నీళ్లు కావు. మన నగరం నడుమనున్న కామెల్‌బాక్ కొండకు ఆ పేరు ఒంటె ఆకారం వలన వచ్చింది. ఆ కంపెనీకీ కొండకూ చుట్టరికం లేదు. పిల్లలు ఈ సంగతి తప్పక అడుగుతారు గనుక చెబుతున్నాము.

ఆ రోజు బస్ స్టాపులో అమ్మాయి చేసినది కూడా పాత పనే. మన ఊళ్లలో వేసవి రాగానే బాట పక్కన తాటాకు పందిరి వేసి, మట్టికుండలకు తడిగుడ్డలు చుట్టి, నీళ్లలో వట్టివేళ్లు వేసి, వచ్చిపోయేవారికి ఉచితంగా దాహం తీర్చే ఏర్పాటు చేస్తారు. దానినే చలివేంద్రం అంటారు. చలిపందిరి అని కూడా అంటారు. అక్కడ బాటసారి వంగి దోసిలి పడితే, పైనుండి నీళ్లు పోసేవారు. ఆ ధారలో దయ ఉన్నది. దాచవలసిన పని లేదు, ఒకనాడు ఆ ధారలో కులాల దూరం కూడా ఉన్నది. ఫలానావారు పాత్ర తాకరాదని, దూరం నుండే పోసేవారు. నాయనమ్మ కూడా దీనిని ఒప్పుకున్నారు. "మా చిన్నప్పుడు అందరికీ చెంబు ఇచ్చేవాళ్లు కాదు. అది తప్పేనమ్మా" అన్నారు. పాతవాటిని పిల్లలకు అందించేటప్పుడు ఏది ఉంచుకోవాలో, ఏది వదిలివేయాలో కూడా చెప్పవలసిన బాధ్యత మనదే.

ఆ వేసవి తరువాత మా ఇంట్లో వచ్చిన మార్పులు పెద్దవేమీ కావు. అయినా ఇతరులకు ఉపయోగపడవచ్చునని చెబుతున్నాము.

మొదటిది, లెక్క. రోజుకు ఎనిమిది గ్లాసులు తాగి తీరాలన్న మాట మనమందరమూ విన్నదే. దానికి గట్టి శాస్త్రాధారం లేదు. అమెరికా జాతీయ అకాడమీల నిపుణులు 2004లో ఇచ్చిన అంచనా ప్రకారం, ఆరోగ్యవంతులైన పెద్దవారికి అన్ని పానీయాలూ ఆహారమూ కలిపి రోజుకు పురుషులకు 3.7 లీటర్లు, స్త్రీలకు 2.7 లీటర్ల నీరు సరిపోతుంది. అందులో సుమారు ఐదో వంతు ఆహారం నుండే వస్తుంది. మన చారు, మజ్జిగ, పుచ్చకాయ ఈ లెక్కలోకి వస్తాయన్న మాట. ఎండలో పనిచేసేవారికి మాత్రం ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు ఒక కప్పు చొప్పున తాగాలనీ, గంటకు దాదాపు లీటరున్నర మించరాదనీ సలహా. అతిగా తాగినా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో తమ వైద్యులనే అడగాలి.

రెండవది, చెమట. ఫీనిక్స్ గాలి పొడిది. విజయవాడలో చెమట కారుతుంది గనుక ఒంట్లోంచి నీరు పోతున్నదని తెలుస్తుంది. ఇక్కడ పుట్టిన చెమట పుట్టినట్టే ఆరిపోతుంది. మట్టికుండ ఒళ్లంతా చెమ్మ ఊరి, అది గాలికి ఆరుతూ లోపలి నీటిని చల్లబరిచినట్లే, మన ఒళ్లు కూడా ఆరుతూ చల్లబడుతుంది. కుండలో నీళ్లు తరుగుతున్నా పైకి కనబడదు. అందుచేత, చెమట పట్టలేదు గదా అని ఇక్కడ ధైర్యపడరాదు. దాహం వేసేదాకా ఆగకుండా, బయలుదేరే ముందే తాగాలి.

మూడవది, సంచి శుభ్రత. నీళ్ల తిత్తిని రెండు రోజులు తడిగా వదిలేస్తే బూజు పడుతుంది. మా అమ్మాయి ప్రతి సాయంత్రం తిత్తిని కడిగి, నోరు తెరిచి, తలకిందులుగా వేలాడదీస్తుంది. వారానికొకసారి వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో గొట్టాన్ని కూడా కడుగుతుంది. అందులో మంచినీళ్లు తప్ప పళ్లరసం గాని మజ్జిగ గాని పోయము. నాయనమ్మ ఈ నియమాలు చూసి, "పూజ సామాను కడిగినట్టు కడుగుతోంది" అని మెచ్చుకున్నారు. గుడిలో ఒకరి గొట్టం మరొకరు నోట పెట్టరాదన్నది మా ఇంటి నియమం. ఎంగిలి అని నాయనమ్మ చెబుతారు, క్రిములు అని అమ్మాయి చెబుతుంది.

నాలుగవది, నాయనమ్మ కోసం. ఆవిడ వీపు సంచి వేసుకోనన్నారు, మేమూ బలవంతపెట్టలేదు. మూత తిప్పే స్టీలు సీసా ఒకటి కొని, దానికి మరచెంబు అని పేరు పెట్టాము. వైద్యురాలిని అడిగి, పలచని మజ్జిగలో ఎంత ఉప్పు వేయవచ్చో తెలుసుకొని, ఉదయం పదింటికి ఒక గ్లాసు తప్పనిసరి చేశాము. బయటికి వెళ్లే ప్రతి చోటా మరుగుదొడ్డి ఎక్కడున్నదో అమ్మాయి ముందుగా చూసి చెప్పేది. నీళ్లు తాగమని నూరుసార్లు చెప్పినదానికంటే ఈ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది.

2024 మే నెలలో మా గుడి ద్వారం పక్కన ఒక బల్ల వెలిసింది. చలివేంద్రం పెట్టాలన్న ఆలోచన నాయనమ్మదే, ఊరికి తిరిగి వెళ్లే ముందు చెప్పి వెళ్లారు. నిర్వాహకులు శుభ్రత దృష్ట్యా తెరిచిన కుండ వద్దన్నారు, అది న్యాయమే. అందుచేత మూతా కుళాయీ ఉన్న మట్టికుండలు రెండు తెచ్చాము. ఈ నేలలో కూడా పూర్వం ఓయా అనే మట్టికుండలను నీడలో వేలాడదీసి నీళ్లు చల్లబరిచేవారు. మన కుండకూ వారి ఓయాకూ పనిచేసే తీరు ఒక్కటే. జూన్ నెల పొడిగాలికి ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే, ఐసు కావాలని ఎవరూ అడగరు. జూలై చివర వానమబ్బులు వచ్చి గాలిలో తేమ పెరిగితే మాత్రం కుండ అంత చురుకుగా పనిచేయదు. అప్పుడు ఐసు వేస్తాము. శ్రీరామనవమి నాటి పానకం మిరియాల ఘాటుతో ఎంత దాహం తీరుస్తుందో తెలిసిన మనకు, మిగిలిన వేసవి అంతా ఆ పని ఒక బల్ల చేస్తే బాగుంటుందనిపించడం సహజమే.

మా అమ్మాయి ఇప్పుడు ఆ సంచితోనే గుడిలోకి వస్తుంది. చెప్పులు విడిచే చోట, చెప్పులకు దూరంగా ఉన్న కొక్కేనికి తగిలించి, దర్శనమయ్యాక మళ్లీ వేసుకుంటుంది. కారు వెనుక అర ఖాళీగానే ఉన్నది. గత వేసవిలో ఇంకో నలుగురైదుగురు పిల్లల వీపుల మీద అలాంటి సంచులు చూశాము.

నాయనమ్మ పల్నాడులోనే ఉన్నారు. ఆదివారం ఉదయం ఫోను చేస్తారు. మన తెలుగువారి మొదటి ప్రశ్న "అన్నం తిన్నారా?" అని గదా. ఆవిడ అది అడిగే లోపే మనవరాలు, "నాయనమ్మా, ఇవాళ ఎన్ని నీళ్లు తాగావు?" అని అడుగుతుంది. ఆవిడ ఫోను ముందు మరచెంబు ఎత్తి చూపిస్తారు. ఇది మేము కొన్న స్టీలు సీసా కాదు, అటక మీద నుండి దింపించి చింతపండుతో తోమించిన వాళ్ల నాన్నగారి ఇత్తడి మరచెంబు. ఎంత ఖాళీ అయిందో అమ్మాయి తెర మీద కళ్లు చికిలించి చూస్తుంది. ఒక్కోసారి, "ఊరికే పారబోసి చూపిస్తున్నావేమో!" అని అనుమానపడుతుంది. అప్పుడు ఆవిడ తల వెనక్కి వాల్చి, పెదవికి తగలనీయకుండా, మా అందరి ఎదుటా ధారగా నాలుగు గుక్కలు తాగి చూపిస్తారు.

మీ ఇంట్లోనూ ఈ వేసవికి పెద్దవారు వచ్చి ఉంటారు. వారు ఎంత తాగుతున్నారో ఒకసారి గమనించండి. ఎందుకు తక్కువ తాగుతున్నారో కూర్చొని అడగండి. చలివేంద్రం బల్ల దగ్గర శని, ఆదివారాల్లో ఉదయం పూట కుండలు నింపడానికి మనుషులు కావాలి. పిల్లలను తీసుకొని రండి.